బొంతలోకెళ్ళిన జాకెట్టు

తెనాలి నుంచి బాపట్ల దాకా బొంత కుట్టడంలో నన్ను మించినవాడు లేడు. కలెక్టరు గారి భార్య మనిషిని పంపి మరీ నా చేత కుట్టించుకుంది. సరే, ఆవిడ పంపలేదు. కలెక్టరాఫీసు జీపు డ్రైవరు తన పిల్లాడికి ఒకటి కావాలన్నాడు, కుట్టాక వాళ్ళావిడ వద్దంటే తీసుకెళ్ళలేదు. దుగ్గిరాల పసుపు యార్డులో ఆఫీసరుగా చేశానని కూడా మా వీధిలో చెప్పుకునేవాణ్ణి. నేను చేసింది పసుపు బస్తాల మూతులు దబ్బనంతో కుట్టే పని. రిటైరయ్యాక ఆ చెయ్యి ఊరుకోలేక బొంతల్లో పడింది.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. చైనా దుప్పట్లు సైకిళ్ళ మీద వీధివీధికీ వచ్చేస్తున్నాయి. బొంత అడిగేవాళ్ళు లేరు. అయినా కుట్టేవాణ్ణి. మా పక్క వీధిలో ఒక సాయిబుల అమ్మాయి ఇంటి వసారాలో మిషను పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. మిగిలిన ముక్కల్ని నా కోసం రంగులవారీగా చుట్టలు చుట్టి, అదే గుడ్డ అంచుతో ముడివేసి, బల్ల కింద గోనెసంచిలో వేసి ఉంచేది. సంచి నిండగానే వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. పెద్ద ముక్కలు బొంతకి, చిన్నవి గిన్నెలు దించుకునే గుడ్డలకి, కూరగాయల సంచులకి. ఒక్కో చుట్ట ముడి విప్పుతుంటే లోపల ఏ రంగుందో అని నాకు చిన్నపిల్లాడి ఆత్రంగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఇడ్లీ తింటున్నాను. ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు.

"బాబాయ్, పోయిన నెల మీరు పట్టుకెళ్ళిన సంచిలో వంకాయరంగు పట్టు చుట్ట ఒకటుందా?"

"ఎందుకు లేదమ్మా! పాత పట్టు. జరీ నల్లబడిపోయింది."

ఆ అమ్మాయి గడప మీద కూలబడింది. "అది తుక్కు కాదు బాబాయ్. జాకెట్టు. కత్తిరించి పెట్టుకున్నాను."

విషయం ఇది. రేపల్లెలో ఒకావిడ తన కూతురి ఓణీల ఫంక్షన్ పెట్టుకుంది. ఆవిడ తల్లి అంతకు ముందు ఏడు పోయింది. తల్లి పెళ్ళిచీరతో కూతురికి లంగా, జాకెట్టు కుట్టించాలని తెనాలి వచ్చి, చీరని కళ్ళకద్దుకుని ఈ అమ్మాయి చేతిలో పెట్టి వెళ్ళింది. లంగా ఎప్పుడో అయిపోయింది. జాకెట్టు ముక్కలు కత్తిరించి, చుట్ట చుట్టి, అంచుతో కట్టి బల్ల మీద పెడితే అది జారి కింద నా సంచిలో పడింది. రేపు ఇవ్వాల్సింది ఇవాళ మొదలుపెట్టడం దర్జీల ధర్మం కాబట్టి ఇన్నాళ్ళూ చూసుకోలేదు. ఫంక్షన్ రేపు పొద్దున. ఆ చీరలో జానెడు గుడ్డ కూడా మిగల్లేదు.

"రేపల్లె బేరాలన్నీ ఆవిడ నోటిమాట మీద వచ్చేవే. అవి పోతే పోయాయి. మా అమ్మ చీర ఏదమ్మా అంటే నేనేం చెప్పను?" అంది. తర్వాత నా కళ్ళలోకి చూసి అడిగింది. "కత్తెర పెట్టారా బాబాయ్?"

"ఛఛ! ఉన్నవి ఉన్నట్టే కుట్టాను. గీత కూడా పడలేదు."

ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆ ముక్కలు కళ్ళముందుకొచ్చాయి. చుట్ట విప్పిన రోజు నేనెంత మురిసిపోయానో! ముందు భాగాలు రెండు ఒకే కొలత. అంచున్నవి రెండు ఒకే కొలత. ఎవరో నాకోసమే కత్తిరించి పంపినట్టున్నాయి అనుకున్నాను. తుక్కుకి జతలుండవన్న సంగతి బుర్రకి తట్టలేదు. ఆ అంచున్న ముక్కల్లో ఒకదానికి పైన వంపు ఉంటే, బొంతకి చదరం కావాలని కత్తెరతో కోసిన చప్పుడు కూడా గుర్తొచ్చింది.

"బొంత ఎక్కడుంది?"

"బాపట్లలో. మా అక్కకి ఇచ్చాను. పోయిన వారమే."

మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. "ఆయన చెప్పినదాంట్లో సగం తీసెయ్యమ్మా. మిగతా సగం బాపట్ల వెళ్ళాక చూసుకో!"

బాపట్ల వైపు పాసింజరు పట్టుకున్నాం. లంగా, లైనింగు గుడ్డ, దారాలు, హుక్కులు, కొలత కోసం ఇచ్చిన ఆది జాకెట్టు, అన్నీ సంచిలో వేసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుందా పిల్ల. దొరికితే అక్కడే ఎవరింట్లోనైనా మిషను అడిగి కుట్టేసి, అట్నుంచటే రేపల్లె బస్సెక్కాలని లెక్క. నిడుబ్రోలులో బండి ఆగింది. ఎక్స్‌ప్రెస్ పోవాలట. ఎంతకీ రాదు. ఆ అమ్మాయి సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"వీపు ముక్క ఎక్కడ వేశారు?"

"నట్టనడిమి గడిలో. నిండుగా ఉంటుందని."

"చేతులో?"

నేను కిటికీలోంచి వేరుశెనక్కాయలమ్మేవాణ్ణి చూశాను. వాడి గంప ఖాళీ అయ్యేదాకా చూశాను. ఎక్స్‌ప్రెస్ పోయింది, మా బండి కదిలింది. అప్పికట్ల దాటుతుండగా ఇక ఆగలేక చెప్పాను. "అమ్మాయ్, ఒక చెయ్యి ముక్కకి వంపు కోసేశాను."

తను నావైపు తిరగలేదు. "ఒకటా, రెండా?"

"ఒకటే అనుకుంటా. రెండోది బొంత అంచున పడింది, వంపు లోపలికి మడిచేసినట్టు గుర్తు."

"అనుకుంటా ఏంటి బాబాయ్?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇంకొకటి ఆ అమ్మాయికి చెప్పలేదు. బొంత ఇచ్చిన రోజు అక్కకి జ్వరం. మూడు నెలలుగా తుంటి విరిగి మంచంలో ఉంది, దానికి తోడు చలిజ్వరం. ఉత్త బొంత ఇస్తే ఏం బావుంటుందని, ఆ నడిమి గడి చూపించి, "ఇది అమ్మ పెళ్ళిచీర అక్కా. పాత ట్రంకు పెట్టెలో దొరికింది. నీకోసం దాచాను," అన్నాను. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ లేదు, అక్కకి ఉంది. అక్క ఆ గడి మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. అప్పుడే, ఊరికే అన్నానని చెప్పాల్సింది. ఆ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

బాపట్లలో రిక్షా దిగి ఇంట్లోకి వెళ్ళేసరికి అక్క మంచం మీద ఉంది. తలగడ పక్కన బైబిలు, ఒంటి నిండా బొంత. చెయ్యి సరిగ్గా ఆ గడి మీదే ఉంది.

"ఏరా, ఇచ్చి వారం కాలేదు, అప్పుడే లాక్కుపోదామని వచ్చావా?" అంది నవ్వుతూ. తర్వాత ఆ అమ్మాయిని చూసింది. "ఎవరీ పిల్ల?"

"అక్కా, ఈ బొంత పనితనం సంగతి గుంటూరు దాకా పాకింది. ఎగ్జిబిషన్‌లో పెడతామని..." అని మొదలుపెట్టాను.

"నువ్వు నోరు ముయ్. నువ్వు చెప్పమ్మా."

ఆ అమ్మాయి మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పింది. రేపల్లె ఆవిడ, పోయిన తల్లి, పెళ్ళిచీర, సంచిలో పడ్డ చుట్ట. చెప్పి, వేలితో చూపించింది. "ఇదేనండి పెద్దమ్మా. మీ చెయ్యి కిందున్నదే. వీపు ముక్క."

అక్క ఆ పిల్లని కాదు, నన్ను చూసింది. "అమ్మ చీర అన్నావు కదరా?"

జీవితంలో అబద్ధానికి వెతుక్కోవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. "కాదక్కా. ఊరికే అన్నాను."

"నేను దీని మీద చెయ్యేసుకుని పడుకుంటున్నానురా," అంది. అంతే. తిట్టలేదు. చేతిని గడి మీద నుంచి తీసి గుండెల మీద పెట్టుకుని, మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఆ అమ్మాయికి ఏం చెయ్యాలో తెలియలేదు. వాకిట్లో ఎండ జరుగుతోంది. రేపల్లె బస్సు దొరకాలంటే ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవడానికి లేదు. అయినా ముసలామె ఒంటి మీద నుంచి లాగలేక కూర్చుంది. నేను చెయ్యి చాపబోతే, వద్దన్నట్టు తలాడించింది.

కాసేపటికి గోడ వైపు నుంచే అక్క గొంతు వినిపించింది. "విప్పుకోమ్మా. బ్లేడు జాగ్రత్త. వాళ్ళమ్మ చీర."

బస్తాలు కుట్టిన చెయ్యి నాది. రెండు పేటల దారం, మైనం రాసి మరీ కుట్టాను. కుట్టు కుట్టుకీ ముడి. ఊడదని వీధంతా చెప్పుకున్న కుట్టు, ఇప్పుడు నిజంగానే ఊడట్లేదు. ఆ అమ్మాయి బ్లేడు మొనతో ఒక్కో దారమే తెంపుతోంది. పాత పట్టు, కొంచెం గట్టిగా లాగితే చీలిపోతుంది. ఒకచోట చర్రుమంది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. తెగింది నా దారమే. అక్క ఇటు తిరిగి, "కొస ఇలా ఇవ్వు, బిగించి పట్టుకుంటా," అంది. పట్టుకుంది. నావైపు మాత్రం చూడలేదు.

వీపు ముక్క వచ్చింది. ముందు భాగాలు వచ్చాయి. అంచున మడిచిన చెయ్యి వచ్చింది, వంపు చెక్కుచెదరలేదు. రెండో చెయ్యి వచ్చింది. పైన కత్తిరించినంత మేరా బల్లపరుపుగా, పలకలా ఉంది. ఆ అమ్మాయి రెండిటినీ ఒకదాని మీద ఒకటి పరిచి చూసింది.

"అతుకు వెయ్యలేవా?" అన్నాను.

"చంక దగ్గర అతుకా? చెయ్యెత్తగానే పోతుంది. పాత గుడ్డ." తర్వాత కత్తెర తీసింది. బాగున్న చేతిని కూడా కోయాలి. రెండూ పొట్టివైతేనే జత. అంచు కిందే ఉంచి, పై నుంచి తగ్గించి, రెండిటికీ కొత్త వంపు గీసింది. రేపల్లె ఆవిడ మోచేతి దాకా అని చెప్పింది, ఇవి భుజం దిగి జానెడు కూడా రావు. కత్తెర నోరు తెరిచి గుడ్డ మీద పెట్టి, "యా అల్లా," అని, కోసింది.

అక్క ఇంట్లో చేతి మిషను ఉంది. ఆ జాకెట్టు నేనే కుట్టానని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. నేను చక్రం తిప్పాను. తిన్నగా తిప్పమని అక్క రెండుసార్లు కసిరింది కూడా. నా సూది చేసిన చిల్లుల మీద ఆ అమ్మాయి తడివేలితో అద్ది, గోటితో రుద్దింది. చాలామటుకు పూడుకున్నాయి, అన్నీ కాదు. హుక్కులు కుట్టే టైము లేదు. బస్సులో కుట్టుకుంటానంది.

చెరుకుపల్లి మీదుగా రేపల్లె బస్సు. జనం. నిలబడి ఎవరు కుడతారు? అలాగే దిగాం. పొద్దు వాలుతోంది. ఆ ఇంటి ముందు పందిరి వేసేశారు. ఇంటావిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఇదా రావడం? పొద్దుటి నుంచి నా ప్రాణం పోతోంది," అంటూ సంచి లాక్కుని కూతుర్ని లోపలికి పిలిచింది. కాసేపటికి పిల్లని ముందు గదిలోకి తీసుకొచ్చింది. జాకెట్టు ముందువైపు పిన్నీసులు పెట్టుంది.

ఆవిడ చేతుల దగ్గరే చూస్తోంది. "మోచేతి దాకా అని చెప్పాను కదమ్మా?"

"చెప్పారండి," అందా అమ్మాయి. "ఒకటి తెగిపోయింది. రెండోది దానికి సరిపెట్టి నేనే కోశాను. ముక్కలు ముందు నా దగ్గరే పోయాయండి. తప్పు నాదే."

"మొదటిది కోసింది నేనండి," అన్నాను.

"మీరెవరు?"

నాలుక చివర రెండు మూడు మాటలు సిద్ధంగానే ఉన్నాయి. ఈపురుపాలెం మగ్గాల వాళ్ళ మనిషినని ఒకటి, ఈ అమ్మాయికి పని నేర్పిన గురువునని ఒకటి. మింగేశాను. "బొంతలు కుట్టుకునే ముసలాణ్ణండి. తుక్కనుకున్నాను."

"మా అమ్మ చీర తుక్కా?"

పందిరి కింద కుర్చీలు దించుతున్న చప్పుడు. పిల్ల అద్దం ముందు చేతులు పైకెత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. "బిగుతు లేదమ్మా. బానే ఉంది."

ఆవిడ వెళ్ళి కూతురి జబ్బ పట్టుకుంది. నల్లబడ్డ జరీ అంచు కింద, నున్నటి చెయ్యి. బొటనవేలితో అక్కడే తడుముతూ ఉండిపోయింది.

"ఇక్కడ మా అమ్మకి టీకా మచ్చ ఉండేది," అంది చివరికి. "రూపాయి బిళ్ళంత. అది కనబడకూడదని చచ్చేదాకా మోచేతి దాకానే కుట్టించుకుంది. పెళ్ళి ఫోటోలో కూడా అంతే. నేను అలవాటుకొద్దీ అదే కొలత చెప్పాను." కూతురి చెయ్యి వదిలింది. "నీకు ఆ మచ్చ లేదుగా."

నాతో మాట్లాడలేదు. కాఫీ ఇవ్వమని ఎవరికో చెప్పింది, అంతే. నేను దానికి కూడా తగనేమోనని నిలబడే తాగాను. గుమ్మం వైపు కదులుతున్న మా టైలరమ్మాయిని మాత్రం ఆపింది.

"నువ్వెక్కడికి? పొద్దున ఓణీ కట్టేది ఎవరు? పీటల మీద కూర్చున్నాక కుచ్చిళ్ళు జారితే మళ్ళీ తెనాలి నుంచి వస్తావా? ఉండు. తెల్లారి నువ్వే కట్టాలి."

ఆ అమ్మాయి తలూపింది. గోడవార చతికిలబడి, సంచిలోంచి సూదీ దారం తీసి, జాకెట్టు ఇలా ఇవ్వమని ఆ పిల్లకి చెయ్యి చాపింది. హుక్కులు ఇంకా కుట్టలేదు.