పదకొండు కుప్పలు కావు

మా మావ కుడి మణికట్టు విరిగింది. తుఫానులో కాదు, సొరచేపతో పోరాడుతూ కాదు. భావనపాడు ఒడ్డున ఆగి ఉన్న పడవ దిగుతూ జారిపడ్డాడు. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. అన్నాళ్లూ వేటకి వెళ్లలేడు. వెళ్లనివాడికి వాటా లేదన్నది మా పడవల కట్టుబాటు. వాటా లేకపోతే అత్త టెక్కలి తీసుకెళ్లి అమ్మడానికి చేప లేదు. ఇంట్లో వేరే ఆదాయమూ లేదు. నేను ఎమ్మెస్సీ లెక్కలు చదివి ఖాళీగా ఉన్నాను కాబట్టి నన్ను ఆదాయం కింద ఎవరూ వేసుకోలేదు.

మావ బదులు నన్ను ఎక్కించుకోవచ్చు కదా అంటే, పడవ కదిలితే నాకు వాంతులు.

ఆ పడవకి పన్నెండు వాటాలు. మనుషులవి ఎనిమిది, పడవకి రెండు, ఇంజనుకి ఒకటి, వలకి ఒకటి. కవళ్లలాంటి చిన్న చేపల్ని ఎవరూ లెక్కపెట్టరు, తూచరు. ఇసుక మీద పోసి కంటి కొలతతోనే రెండు కుప్పలు చేస్తారు. రెండూ నాలుగవుతాయి. ఒక్కోటీ మూడు చేస్తే పన్నెండు. పన్నెండు మర్యాదస్తురాలైన సంఖ్య. రెండుకీ మూడుకీ నాలుగుకీ ఆరుకీ సర్దుకుపోతుంది. మావ వాటా తీసేస్తే పదకొండు. అది ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు.

మొదటిరోజు తండేలు, అంటే పడవ పెద్ద, అలవాటుకొద్దీ పన్నెండు కుప్పలే చేశాడు. ఒకటి మిగిలింది.

"దీన్నేటి సేద్దాం?"

"పంచీ పెదబావా," అన్నాడు పడవలో ఒకడు.

దాన్నీ పన్నెండు చేశారు. మళ్లీ ఒకటి మిగిలింది. దాన్నీ పంచారు. చివరికి పిడికెడు చేపల చుట్టూ ఏడుగురు మగాళ్లు గొంతుకూర్చుని ఉన్నారు.

"ఒరే సదువుకున్నోడా, ఇది ఎప్పటికవుతాదిరా?" అన్నాడు తండేలు, పక్కన నిలబడి చూస్తున్న నాతో.

"అవ్వదు తాతా. పన్నెండో వంతు, మిగిల్నదాంట్లో పన్నెండో వంతు, అలాగ అంతులేకుండా కలిపితేనే పదకొండో వంతు వస్తాది."

"అంటే తప్పు సేస్తన్నామా?"

"నేదు. సరిగ్గానే సేస్తన్నారు. పూర్తవ్వదంతే."

రెండోరోజు నేరుగా పదకొండు చేసి చూశారు. మూడు కుప్పలు బలిశాయి, రెండు చిక్కిపోయాయి. ఇద్దరు అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. మూడోరోజు తగువు తేలేలోగా ఐసు బండి వెళ్లిపోయింది. అనంతం దాకా ఆగే ఐసు మా వైపు దొరకదు.

"పన్నెండే సేసి, ఆ మిగిల్నదేదో మావకిచ్చీండి," అన్నాను.

"మీ మావ కోసం లెక్క మారుస్తన్నావేటిరా?"

"పదకొండుని నాను కొయ్యలేను తాతా. నీకు సేతనైతే కొయ్యి."

తండేలు ఎండలో మెత్తబడుతున్న కవళ్ల వంక చూశాడు. "కట్టిప్పేదాకా ఇస్తాం. ఊరికే కాదు. ఒడ్డుకొచ్చి కుప్పలు మీ మావే పొయ్యాల."

జాలి అనే మాట ఎవరి నోటా రాలేదు. మావ కూడా, జాలైతే నాకొద్దు అనే డైలాగు చెప్పలేదు. మర్నాడు తెల్లారకుండానే వెళ్లి ఇసుక మీద కూర్చున్నాడు. ఎడంచేత్తో రెండు, నాలుగు, పన్నెండు చేశాడు. మూడోది చిన్నదైందని ఎవరో గొణిగారు.

అత్త ఆ మూడోదాన్నే తన గంపలోకి ఎత్తుకుంది. "నాకిది సాల్లే. బస్సెల్లిపోతాది, జరగండి," అని రోడ్డు వైపు నడిచింది.