మిరుగం చుక్క, మస్కట్ క్యాసెట్

ఈజిప్టు ప్రయాణానికి పెట్టె సర్దుతూ నిన్న అటక మీది సంచి దించితే, అడుగున ఒక పాత క్యాసెట్ దొరికింది. డబ్బా తెరవగానే గుప్పుమంది అత్తరు వాసన! అంతే, నేను మంథనిలో మా పెంకుటింట్లో ఉన్నాను.

మా ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు మస్కట్‌లో తాపీ పని చేసేవాడు. ఉత్తరం రాయమంటే ఆయనకు చెయ్యి సాగదు, అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద వచ్చే ఊరివాళ్ల సూట్‌కేసుల్లో సబ్బులకూ అత్తరు సీసాలకూ మధ్య పెట్టి పంపేవాడు. ఆయన మాటలు విన్నాక వాటి మీదనే మా మాటలు రికార్డు చేసి తిప్పి పంపేవాళ్లం. అప్పట్లో గల్ఫ్ ఇళ్లన్నింటిలో అదే పద్ధతి.

ఇక మిరుగం పండుగ వచ్చిందంటే మా వీధి వీధంతా చేపల పులుసు వాసనే. ఉడికి ఉడికి ఉన్న నేల మీద తొలి చినుకులు పడి మట్టి పరిమళిస్తుంటే, గోదావరి నుంచి చేపల గంపలు దిగేవి, అవ్వ ఇంగువను బెల్లంలో చుట్టి, నేను ముఖం తిప్పుకుంటున్నా వినకుండా నోట్లో కుక్కేది. మిరుగమంటే మృగశిర కార్తె అనీ, అది చుక్కల పేరనీ బడిలో సారు చెప్పాడు. పేరున్న చుక్క పండుగనాడు కనబడకుండా ఎట్లా ఉంటుంది? సాయంత్రం ఆకాశమంతా గాలించాను. లేదు. మిరుగానికి వస్తానన్న బాపు కూడా రాలేదు. ఏడుపు దిగమింగుకుంటూ టేప్ రికార్డర్ మీది ఎర్ర మీట నొక్కాను.

"బాపూ, మిరుగమొచ్చింది. చుక్క రాలే, నువ్వు రాలే. ఇద్దరు గలిసి ఏడికి పోయిండ్రు?"

కొన్నాళ్లకు జవాబు వచ్చింది.

"చుక్క ఏడికి పోలే బిడ్డా. గిప్పుడు పొద్దుతోని కలిసి నడుస్తున్నది, ఆ ఎలుగుల కనబడ్తలేదు. మా రూముల ఈజిప్టు మేస్త్రి చెప్పిండు. మిరుగం ఎనుకనే ఓ పెద్ద చుక్క వస్తదట, అది మాయమైతే వాళ్ల పాతకాలపోళ్లు దాని కోసమే ఎదురుచూసెటోళ్లట. తెల్లారగట్ల అది మళ్ల పొడిస్తే నైలు నదికి వరదొచ్చేదట. ఫికర్ జెయ్యకు. నువ్వాడ చూడు, నేనీడ చూస్త."

ఆ వానాకాలమంతా కోడి కంటే ముందు నేనే లేచాను. మబ్బులు, మళ్లీ మబ్బులు. గోదావరి నిండుగా పారుతున్న ఒక తెల్లవారుజామున తూర్పున మబ్బు చీలింది. మిరుగం చుక్కలు, వాటి కింద వరుసగా మూడు, ఇంకా కింద, చెట్ల తలల మీద వణుకుతూ ఆ పెద్ద చుక్క! వాళ్లకు నైలు, మాకు గోదావరి, చుక్క ఒక్కటే! ఎగిరి గంతులేశాను. వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లుతున్న అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది.

"మీ బాపు గూడ చూస్తుండా గిప్పుడు?"

"చూస్తుండవ్వా!"

అవ్వ సానుపు మరిచిపోయి ఆ చుక్కనే చూస్తుండిపోయింది. నేను లోపలికి పరుగెత్తి, బాపు మాటల మీదనే "బాపూ, చుక్కొచ్చింది! ఇగ నువ్వే రావాలె!" అని అరిచాను.

ఆ క్యాసెట్ తిరిగి రాలేదు, దాని బదులు కొత్తది వచ్చింది. మరుసటి మిరుగానికి బాపే వచ్చాడు. సూట్‌కేసు అడుగున సబ్బుల కింద పాతది కనిపించింది. ఎందుకు తిప్పి పంపలేదని అవ్వ నిలదీస్తే, "దాని మీద నేను మాట్లాడితే బిడ్డ గొంతు పోదా?" అన్నాడు.

పెద్దయ్యాక ఖగోళశాస్త్రం చదివాను, అది చాలక ఈజిప్టు పాత లిపి నేర్చుకున్నాను. శవపేటికల మూతల లోపల వాళ్లు గీసిన చుక్కల పట్టికలు చదవడం, ఏ చుక్క ఎప్పుడు మాయమై ఎప్పుడు తిరిగొచ్చేదో లెక్క కట్టడం నా పని. చుక్కలవాళ్లు నన్ను శవాల మనిషి అన్నారు, శవాలవాళ్లు చుక్కల మనిషి అన్నారు. "రెంటికి చెడ్డ రేవడివైతవ్" అని అవ్వ బెంగపడింది. లెక్కా రాతా కలిసిననాడు మాత్రం నేను ఇప్పటికీ కుర్చీలోంచి ఎగిరి లేస్తాను. ఇన్నేళ్లూ కాగితం మీద చూసిన, ఆ పెద్ద చుక్క తిరిగి పొడిచే ఉదయాన్ని ఈసారి నైలు ఒడ్డున నిలబడి చూడబోతున్నాను.

ఇప్పుడు క్యాసెట్ వేసుకునే పెట్టె ఎవరింట్లోనూ లేదు. మంథనిలో వీధి దీపాల వెలుగుకు తూర్పు అంచున చుక్కలు కనిపించడం లేదు. నిరుడు బాపు పోయాడు. చుక్క గురించి ఆయన చెప్పిన ఆ మాటలు నిన్న దొరికిన ఈ టేపులోనే, నా అరుపు కింద ఉండిపోయాయి, నాకొచ్చిన ఏ లిపితోనూ వాటిని చదవలేను.

క్యాసెట్ దొరికిందని ఈ ఉదయం అవ్వకు ఫోన్‌లో చెప్పాను.

"చుక్క పొడవంగనే నాకు ఫోన్ జెయ్యి," అంది. "మీ బాపుకు నేను చెప్త."