బండ కాదు, గుట్ట మొదలు

హిమాలయాలు ఎట్ల పుట్టినయని ఎవరిని అడిగినా ఒక్కటే కథ చెప్తరు. మన దేశం ఉరికొచ్చి ఆసియాను గుద్దిందట, రెండు లారీలు గుద్దుకుంటే ముందట రేకులు లేచినట్టు మంచుకొండలు లేచినయట. నేను ఒప్పుకోను. మన భూమి నడిచేది గోరు పెరిగినంత మెల్లగ. దాన్ని గుద్దుడంటరా? అది చేను గెట్టు, అంటే హద్దు, జరుపుడు. పాలోళ్లు, అదే దాయాదులు, ఏటా దున్నేటప్పుడు ఒక సాలు అవతలికి జరుగుతరు, అడిగితే "నేనెక్కడ జరిగిన?" అంటరు చూడండి, అట్లాంటిది. కోట్ల ఏండ్లు ఆగకుండ జరుపుకుంట పోతే నడుమ ఉన్న భూమి ఎటు పోవాలె? పైకే లేవాలె.

గెట్టు పంచాయితీలు నాకు కొత్త కాదు. ఈ ప్రయాణం కూడ మా అన్నతోని పంచాయితీ వల్లనే పెట్టుకున్న.

మా తల్లిగారి ఊరు నెల్లికుదురు దగ్గర. అక్కడ మా పట్టా భూమిల ఒక గుట్ట ఉన్నది. నాయిన పోయినంక అది అన్నకూ నాకూ ఉమ్మడి. దాన్ని క్వారీకి లీజుకియ్యాలని అన్న పట్టు. నా సంతకం లేంది పని కాదు. "ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పు" అని ఫోన్ల గడువు పెట్టిండు. చూడకుండ సంతకం పెట్టే రకాన్ని కాదు నేను. ముందు గుట్టను చూస్త, తర్వాత దాని రాయి ఒకటి తీసుకపోయి భూపాలపల్లిల ఉన్న విమలకు చూపిస్త అనుకున్న. విమల నాతోని చదువుకున్నది, ఇప్పుడు పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్తది.

శుక్రవారం పొద్దున జనగామల రైలెక్కిన. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటంగనే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లు. ఎదురుగ కూసున్న ముసలాయన వాటిని చూపిచ్చి, "భీముడు ఆడిన గోటీలు బిడ్డా అవి" అన్నడు.

"ఆడి, సర్దకుండ ఎక్కడియక్కడ్నే ఇడిసిపోయిండా బాపూ? అయితే మొగోడే, నమ్ముత" అన్న. డబ్బల ఆడోళ్లంత నవ్విన్రు. ఆయన కూడ నవ్విండు, నవ్వి నాకు పల్లీలు పెట్టిండు.

కేసముద్రంల దిగితే అన్న బండేసుకొని వచ్చిండు. మార్కెట్‌కు పోయే ట్రాక్టర్ల నడుమ నుంచి బయటపడేసరికే సగం పొద్దెక్కింది. ఇంటికి కూడ పోకుండ సక్కగ గుట్ట కాడికే తీసుకపొమ్మన్న.

"గుట్ట ఏంది? బండ అది" అన్నడు అన్న.

ఇది కొత్త మాట. చిన్నప్పటి సంది ఊరంత మేకల గుట్ట అనే అంటున్నది. క్వారీ మాట వచ్చిన కాన్నుంచి అన్న నోట్ల అది బండ అయింది. ఎందుకో అడిగిన. దాపరికం లేకుండ చెప్పిండు: "గుట్టంటే మేకలోళ్లొస్తరు, బోనాలోళ్లొస్తరు, అడ్డం పడుతరు. బండంటే ఎవడొస్తడే?"

గుట్ట ఎక్కిన. బూడిద రంగు రాయి, దాంట్ల చింతగింజలంత తెల్లటి పలుకులు ఎండకు మెరుస్తున్నయి. రాలిపడ్డ ముక్కనొకటి సంచిల ఏసుకున్న. వదిన చేసిన జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నంక అన్ననే మహబూబాబాద్‌ల బస్సెక్కిచ్చిండు. మేము దాన్ని మానుకోట అనే అంటం. ఎక్కిచ్చేటప్పుడు మల్ల అదే మాట: "ఆదివారం!"

కొత్తగూడ బస్సు. మీరు పోతే పొద్దున్నే పోండి, ఆ దిక్కు బస్సులు తక్కువ. ఆధార్ కార్డు మర్చిపోకుండ్రి, ఆడోళ్లకు టికెట్ ఉత్తగనే. నా పక్కన బుజ్జి అనే లంబాడా ఆమె కూసున్నది. ఫోన్ల తన భాషల ఎవరినో గట్టిగ తిట్టి, పెట్టేసి, నా దిక్కు తిరిగి తెలుగుల నెమ్మదిగ అడిగింది: "సంచిల ఏందక్కా, గంత బరువు?"

"రాయి."

"రాయి పట్టుకొని బస్సెక్కినవా? మా తండా వాగుల కావాల్సినన్ని ఉన్నయి. ఏరుకుందువు రా."

ఎగతాళికే అన్నది గాని, నేను నిజంగనే ఆమెతోని దిగిన. అడవి అంచున వాగు. నీళ్లు సన్నగ పారుతున్నయి. ఒడ్డున రాయి మా గుట్ట లెక్క లేదు. పొరలు పొరలు, అట్టలు పేర్చినట్టు. ఆ పొరలు తిన్నగ పండుకొని లేవు. పైకి లేచి, వంగి, మల్ల కిందికి దిగి, చీర కుచ్చిళ్లు పట్టినట్టు మడతలు పడ్డయి. రాయి, సుత్తె పెట్టి కొడితే పగిలే రాయి, పగలకుండ ఎట్ల వంగింది? ఒక మడత మీద అరచెయ్యి పెట్టి అట్లనే నిలబడ్డ.

బుజ్జి నా మొఖం దిక్కు చూసింది, రాయి దిక్కు చూసింది. ఎప్పుడూ బట్టలు ఆరేసే రాయిని కొత్తగ చూస్తున్నట్టు చూసింది. "ఎవరు నొక్కిండ్రక్కా గింత గనం?" అన్నది.

"భూమే" అన్న.

"భూమిని ఎవరు నొక్కిండ్రు మరి?"

బస్సు టైమైందని తప్పిచ్చుకున్న.

నర్సంపేటల ఒకటి, ములుగుల ఒకటి బస్సులు మారి భూపాలపల్లి చేరేసరికి దీపాలు పెట్టిన్రు. విమల ఇంట్ల పడక. తెల్లారి చాయ తాగుకుంట రాయిముక్క ఆమె చేతిల పెట్టిన. వెలుగుకు పట్టి చూసింది.

"పలుకులు పెద్దగున్నయి. అంటే నిమ్మలంగ చల్లారింది. నిమ్మలంగ చల్లారాలంటే మైళ్ల లోతుల ఉండాలె."

"మేకలు ఎక్కుతున్నయి కదనే దాని మీద!"

"గదే చెప్తున్న. దాని మీద ఉన్న మైళ్ల మందం అరిగిపోయింది."

ఆమె చెప్పింది ఇదీ. సముద్రం అడుగు చల్లారి బరువెక్కుతది, ఎదురుంగ ఉన్న ఖండం కిందికి దూరుతది. దూరుకుంట నీళ్లు మోసుకపోతది. ఆ తడి తగిలి లోపలి వేడి రాయి కరుగుతది. కొంత పైకి ఎగిసి అగ్నిపర్వతమైతది, కొంత నడుమనే ఆగి మెల్లగ గడ్డకడుతది. మా గుట్ట రాయి గట్ల ఆగిపోయిందే కావచ్చు. సముద్రం మొత్తం మింగుడు పడ్డంక దాని ఎనుక నుంచి ఇంకో ఖండం వస్తది. అది తేలిక, మునగదు. ఇగ అప్పుడు మొదలైతది అసలు గెట్టు పంచాయితీ, లేస్తయి పర్వతాలు. మన దగ్గర ఇది రెండొందల కోట్ల ఏండ్ల కంటె ముందటి ముచ్చట. హిమాలయాలకు ఐదు కోట్లు. మా మేకల గుట్ట ముందు అవి నిన్న మొన్నటి పిల్లలు.

"అంటే మాది గుట్ట కాదా?" అడిగిన. అన్న మాటే నిజమైతట్టున్నది.

"మీది గుట్ట మొదలు, చెట్టు కొట్టేస్తే మిగిలే మొద్దు లెక్క. గుట్ట ఎప్పుడో పోయింది."

వాగు మడతల సంగతి అడిగిన. అరిగిన కొండల ఇసుక, బురద కొట్టుకపోయి సముద్రంల పొరలుగ పడ్డదట. తర్వాత తూరుపు నుంచి ఒత్తిడి వచ్చి మడత పడ్డదని కొందరంటరట, అందరూ ఒప్పుకోరట. బయట బొగ్గు టిప్పర్లు పోతున్నయి. ఖండాలు కలుసుడే కాదు, విడిపోతయి కూడ, అట్ల కుంగిన లోయల పూడిన అడవే ఈ బొగ్గు అన్నది విమల.

పరకాల మీదుగ హన్మకొండ బస్సెక్కిన. సంచిల రాయి ఒళ్లెనే పెట్టుకున్న. రోడ్డు పక్క కనిపిచ్చిన ప్రతి గుండు మీద ఆకాశంల మైళ్ల ఎత్తున లేని కొండను ఊహించుకుంట కూసున్న. మెడ నొచ్చింది. హన్మకొండల జనగామ బస్సు మారినంక అన్నకు ఫోన్ చేసిన.

"సంతకం పెట్ట. అది బండ కాదు, గుట్ట మొదలు."

అన్న నవ్విండు. "మొదలైతే మంచిదే కదనే. కొట్టేస్తే మల్ల మొలుస్తది!"

"నువ్వు గెట్టు జరిపినంత సులువనుకున్నవా మొలుసుడు?" అని పెట్టేసిన. కోపం వచ్చింది గాని, ఆ మాట మాత్రం చెవిల నుంచి పోలేదు. మొలిసిన గుట్ట ఒక్కసారి మొలిసింది, అరిగి ఎటో పోయింది. బుజ్జి బట్టలు ఆరేసుకునే ఆ మడతల్ల ఉన్నది దాని మట్టేనా? విమలకు ఫోన్ చేసి అడిగితే "కావచ్చు" అన్నది. నాకు కావచ్చు సరిపోదు. మా గుట్ట నెత్తి మీద నిలబడ్డ ఆ గుట్ట ఇప్పుడు ఎక్కడున్నది?