మా అన్న గుండిగల మీద ఎవరి పేరు?

మా కాలనీ సంక్షేమ సంఘానికి నేను మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది అధ్యక్షుడి చేతికే ఇచ్చాను. రెండోది రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డు నా దగ్గరుంది, సంతకం ఆయన భార్యది. మూడోది సంఘం హాలు తలుపుకు అంటించాను. తెల్లారేసరికి ఎవరో చింపేశారు, జిగురు మరక మిగిలింది. ఒక్కదానికీ జవాబు లేదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే పది నిమిషాల్లో నన్ను గ్రూపు నుంచి తీసేశారు. అంతకు ముందు మా అన్న సంతాప సభలో మైకు అడిగితే "టైం లేదు కాకా" అన్నారు. ఆ తర్వాత రేషన్ డీలర్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు, అందులో పదిహేను నిమిషాలు తన గురించే.

ఆ ఉత్తరాల్లో నేనడిగింది ఒక్కటే. మా అన్న కాలనీకి ఇచ్చిన వంట గుండిగల మీదికి వేరే ఇంటి పేరు ఎట్లా వచ్చింది? దీనికి జవాబు చెప్పడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. అందుకే మొత్తం రాస్తున్నాను. మా అన్నను ఎరగనివాళ్లకు కూడా తెలియాలి.

అన్న నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. బాపు పోయేనాటికి నాకు పదేళ్లు. అన్న డిగ్రీ మధ్యలో ఆపేసి, వరంగల్ బజారులో బాపు నడిపిన స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చున్నాడు. నన్ను చదివించాడు. నాకు డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం వస్తే మొదటి రోజు బండెక్కించడానికి టిఫిన్ డబ్బాతో స్టేషన్‌కు వచ్చాడు. ఆ డబ్బా మీద నా పేరు కొట్టి ఉంది. ఇదంతా సంతాప సభలో చెప్పాలనుకున్నాను. మైకు ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

వదినకు కీళ్ల నొప్పులు. పొద్దున పూట వేళ్లు ముడుచుకునేవి కావు. అందుకని ఇద్దరు ఆడపిల్లలకూ జడలు అన్నే వేసేవాడు. రెండేసి జడలు, మడిచి కట్టిన రిబ్బన్లు. "నాయినా, పాపిట వంకరొచ్చింది" అని చిన్నది మూతి ముడిస్తే విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. దుకాణం షట్టరు ముందు బేరగాళ్లు నిలబడి ఉన్నారని ఎవరైనా చెప్పబోతే "జడ కన్న బేరం ఎక్కువనా?" అనేవాడు. వదిన తల్లి చివరి ఎనిమిదేళ్లు వాళ్లింట్లోనే ఉంది. ఆమెకు చెవులు వినిపించేవి కావు. అన్న రోజూ పేపరు తెచ్చి ఆమె చెవి దగ్గర గట్టిగా చదివేవాడు. మా గల్లీలో పేపరు కొనే అవసరం ఎవరికీ ఉండేది కాదు.

మావైపు గిన్నె ఇస్తే పేరు కొట్టించే ఇస్తారు. పెళ్లికైనా, కొత్తింటికైనా, ఇచ్చినవాళ్ల పేరు, ఊరు గిన్నె అంచు మీద ఉండాల్సిందే. పేరు లేని గిన్నె ఇస్తే ఇచ్చినట్టు కాదు. పదిమంది కలిసి వండుకునే చోట అది ఎవరింటికి పోతుందో కూడా తెలియదు. బజారులోని మిగతా దుకాణాల వాళ్లంతా కరెంటుతో నడిచే మిషన్లు కొన్నారు. అవి గీత గీసినట్టు పేరు రాస్తాయి, నిమిషం పట్టదు. అన్న కొనలేదు. మొన తేలిన ఉక్కు శీల, చిన్న సుత్తి, అంతే. చుక్క పక్కన చుక్క పెట్టి అక్షరం కట్టేవాడు. పేరు పూర్తయ్యాక చివర ఐదు చుక్కలతో ఒక చిన్న పువ్వు. ఆ పువ్వు ఎవరూ అడిగి వేయించుకునేది కాదు. "గది నా దిక్కు నుంచి" అనేవాడు.

కాలనీకి గుండిగలు ఇవ్వడం ఇట్లా మొదలైంది. మా ఎదురింటి టైలర్ తల్లి పోయింది. ఊళ్ల నుంచి చుట్టాలు దిగారు. అంతమందికి అన్నం వండే గిన్నె వాళ్లింట్లో లేదు, కిరాయికిచ్చే వాళ్లు ఆ రోజు తాళం వేసుకుపోయారు. అన్న దుకాణం నుంచి మూడు కొత్త గుండిగలు, మా మాటలో గంజులు, ఆటోలో వేసుకొచ్చాడు, వాటికి అంటించిన కాగితాలు కూడా పీకలేదు. మళ్లీ వాటిని అమ్మకానికి పెట్టలేదు. ఏళ్లు గడిచేకొద్దీ మూడు కాస్తా ఆరయ్యాయి. రెండు గంగాళాలు, బకెట్లు, గంటెలు చేరాయి. దుకాణం వెనక రేకుల షెడ్డులో ఉండేవి. పెళ్లికి తీసుకుపోయారు, చావుకు తీసుకుపోయారు. చివరి గల్లీలోని క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కు తీసుకుపోయేవి. ఎవరినీ ఎప్పుడు తెస్తావని అడగలేదు. అడుగు మాడి వస్తే తానే ఇసుకతో తోమేవాడు. ఒకసారి నాలా పొంగి కింది గల్లీల్లోకి నీళ్లొస్తే రెండు రోజులు అవే గుండిగల్లో కిచిడీ వండించాడు. మోకాలి లోతు నీళ్లలో బకెట్లు మోసుకుంటూ తిరిగాడు. అప్పుడు ఆ గల్లీల్లో కిచిడీ తిన్న ఇళ్లలో ఇప్పటి అధ్యక్షుడి ఇల్లు కూడా ఒకటి. ఇది నేను మరచిపోలేదు.

వాటి మీద మాత్రం అన్న పేరు కొట్టలేదు. ఊరందరి పేర్లూ కొట్టిన మనిషి తన గిన్నెల మీద ఒక్క చుక్క పెట్టలేదు. నేను ఊరుకోలేదు.

"అన్నా, పేరెందుకు కొడ్తలేవు?"

"నా పేరుంటే తీస్కపోయెటోనికి సిగ్గయితది తమ్మీ. పేరు లేకుంటే గవి వాని గంజులే అనుకుంటడు."

"రేపు ఎవడో ఒకడు నాయే అంటడు, చూడు."

"అననీ. అనుకుంట వండుకుంటడు గదా. వండుకుంటే సాలు."

"నీకు తెల్వది. మనుషులు మంచోళ్లు గాదు."

అన్న పగలబడి నవ్వాడు. "నీ తలకాయల అన్నీ ఫైళ్లే తమ్మీ. నాలుగో క్లాసుల నీ బలపం ఇరగ్గొట్టినోని ఫైలు సుత ఉన్నది."

ఉంది. ఇప్పటికీ ఉంది. వాడు ఈ మధ్య ఖిలా వరంగల్ దగ్గర ఎదురుపడితే పలకరించాడు, నేను పలకలేదు.

ఒక వానాకాలం దుకాణం వెనక షెడ్డు కూలింది. గుండిగలు మా హాల్లో పెట్టండి, భద్రంగా ఉంటాయని సంఘం వాళ్లే వచ్చి అడిగారు. అన్న సరేనన్నాడు. పంపొద్దని నేనన్నాను. నా మాట ఎవరు విన్నారు గనక. అది జరిగిన రెండేళ్లకు, మధ్యాహ్నం పూట, దుకాణంలో ఒక చెంబు మీద ఎవరో పెళ్లికూతురు పేరు కొడుతూనే అన్న పక్కకు ఒరిగాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది.

పదకొండో రోజు దినం. భోజనాలకు గుండిగలు కావాలి. నేనే ట్రాలీ ఆటో మాట్లాడుకుని హాలుకు పోయాను. ఆరు గుండిగలూ ఎక్కించి ఇంటికి తెచ్చాం. వంటవాళ్లు పొయ్యిల మీద పెట్టారు. అన్నం ఉడుకుతుంటే మూత తీసి చూద్దామని దగ్గరికి పోయాను. అంచు మీద పేరుంది. అధ్యక్షుడి తండ్రి పేరు, కింద "జ్ఞాపకార్థం" అని. రెండో గుండిగ చూశాను. దాని మీదా అదే. ఆరింటి మీదా అదే. ఆ పెద్దాయన బతికున్నప్పుడు నాతో మర్యాదగానే ఉండేవాడు, ఆయనతో నాకు పేచీ లేదు. కానీ మా అన్న దినానికి, మా అన్న గుండిగల్లో వండిన అన్నం, మూడు వందల మంది ఇంకొకరి జ్ఞాపకార్థం తిన్నారు.

అధ్యక్షుడు మూడో బంతిలో తింటున్నాడు. పోయి విస్తరి ముందు నిలబడ్డాను.

"ఏందిది?"

"ఏంది కాకా?"

"గంజుల మీద మీ నాయన పేరేంది?"

"తర్వాత మాట్లాడుదాం కాకా. జర నిమ్మళంగుండు."

"ఎప్పుడు కొట్టిచ్చినవ్? మా అన్న పోయిన మర్నాడా, మూడో రోజా?"

వదిన వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "మరిదీ, మనుషులు తింటాండ్లు. బువ్వ ముంగట లొల్లి పెట్టకు." ఆమె ముఖం చూసి వెనక్కి తగ్గాను. అధ్యక్షుడు పెరుగన్నం దాకా తిని, చెయ్యి కడుక్కుని, ఆ "తర్వాత" ఎప్పుడో చెప్పకుండా పోయాడు. ఉత్తరాలు రాయడం ఆ వారంలోనే మొదలుపెట్టాను.

మూడో ఉత్తరం చింపేశాక, ఈసారి ఫోటోలు జతచేసి కలెక్టర్ ఆఫీసుకు పంపుదామనుకున్నాను. ఎవరిదో పెళ్లి ఉండి హాలు తెరిచి ఉంది. గుండిగలు తోమి ఎండలో బోర్లించారు. దినం రోజు పొగలో, కోపంలో నేను పేరు చదివానే తప్ప అక్షరాలు చూడలేదు. ఇప్పుడు ఎండ పక్క నుంచి పడుతోంది. ఫోన్ దగ్గరగా పెట్టాను. అవి మిషన్ గీసిన గీతలు కావు. చుక్కలు. చుక్క పక్కన చుక్క. పేరు చివర ఐదు చుక్కల పువ్వు.

ఫోటో తీయలేదు. నేరుగా అన్న ఇంటికి పోయాను. వదిన చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"వదినా, గంజుల మీద పేరు అన్ననే కొట్టిండా?"

ఆమె తల ఎత్తలేదు. "అవ్."

"నీకెర్కేనా?"

"గీ అర్రలనే కూసొని కొట్టిండు. ఆటోల ఏస్కొచ్చి దింపి పోయిండ్లు. మూడొద్దులు పట్టింది."

"ఎవడు అడిగిండు? ఏమని అడిగిండు?"

"గది చెప్పలే నాకు. నేను లొల్లి పెట్టిన. నువ్వు పెట్టినట్టే పెట్టిన. 'వాళ్ల నాయిన మీద వాళ్లకు ప్రేముంటది గదనే' అన్నడు."

"ఇంకేమన్నడు?"

వదిన ఒక కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, అప్పుడు అంది. "గా మూడొద్దులు బువ్వ సగమే తిన్నడు. నువ్వు వొత్తే మాత్రం గంజుల మీద దుప్పటి కప్పిండు. 'తమ్మికి చెప్పకు, తెలిస్తే కాలనీ ఇడిసిపోతడు' అన్నడు."

నాకు అన్న మీద కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అడిగిందల్లా ఇచ్చేవాడు మంచివాడే కావచ్చు. కానీ ఇచ్చినదాని మీద ఇంకొకరి పేరు తన చేత్తోనే చెక్కి, దాని మీద దుప్పటి కప్పి, నేను పోతే "చాయ్ తాగుతవా తమ్మీ?" అన్నాడు. ఆ మూడు రోజుల్లో ఒక రోజు నేను పోయాను, నాకు గుర్తుంది. మూలన దుప్పటి కింద ఎత్తుగా ఏదో ఉంది. బియ్యం బస్తాలనుకున్నాను. చాయ్ తాగి వచ్చేశాను. అన్నీ గుర్తుపెట్టుకునే నేను ఆ ఒక్కటీ అడగలేదు.

మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర అధ్యక్షుడు దొరికాడు.

"పేరు మా అన్న తోటే కొట్టిచ్చినవా?" అన్నాను.

వాడి ముఖంలో భయం కనపడుతుందనుకున్నాను. ఊరట కనపడింది. "అవ్ కాకా. పెద్దకాకనే కొట్టిండు. మేమేమన్న బలవంతం జేసినమా? నవ్వుకుంటనే కొట్టిండు. గీ ముచ్చట ముందే తెలిస్తే నువ్వు గిన్ని ఉత్తరాలు రాయకపోతుంటివి."

"గవి ఆయన గంజులని తెల్వదా నీకు?"

"పేరు లేకుండె గదా కాకా. సంఘం హాల్ల ఉన్నయి, సంఘానియే అనుకున్నం."

"అనుకున్నవా? కిచిడీ తిన్ననాడు ఎవలియి అనుకున్నవ్?"

"ఎండకు పాలు ఇరుగుతయి కాకా" అని ప్యాకెట్ల సంచి తీసుకుని బండెక్కి పోయాడు.

ఇప్పుడు సంఘం వార్షికోత్సవమట. దివంగత సేవకుల భార్యలకు సన్మానమట. వదినకు శాలువా కప్పుతామని కార్డు పంపారు. ఆమె దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది, పోతానని అనలేదు, పోనని అనలేదు. పోతానంటే నేనే ఆటోలో తీసుకుపోతాను. ముందు వరుసలో కూర్చుంటాను. ఈసారి మైకు అడగను, నా గొంతు చాలు.

అధ్యక్షుడు గారూ, గుండిగలు తిరిగి ఇమ్మని నేను అడగడం లేదు. పేరు చెరిపెయ్యమని కూడా అడగడం లేదు. అవి మా అన్న చేతి చుక్కలు, వాటిని ఎవరు ముట్టినా ఊరుకోను. నేను అడిగేది ఆ రోజు సంగతి. గుండిగలు ఆటోలో వేసుకుని మా అన్న గడప ముందు దింపిన రోజు, ఆ పేరు కాగితం మీద రాసి ఆయన చేతికి ఇచ్చిందెవరు? మీరేనా, ఇంకెవరినైనా పంపారా? ఏ మాటలతో అడిగారు? కాగితం చదివాక ఆయన వెంటనే సరేనన్నాడా, ఇంకోసారి చదివాడా? నవ్వాడని మీరంటున్నారు. సగం అన్నమే తిన్నాడని వదిన అంటోంది. మీరు ఆయన ముఖం చూశారు, నేను చూడలేదు. మీ ముందు మా అన్న ఏమన్నాడో, ఒక్క మాటైనా సరే, నాకు చెప్పండి.