తీసేసిన ఏడో రాయి

నాలుగేండ్లుగా పదకొండు అడుగుల నేల మోస్తున్నాను. నాది కాదు, యాదమ్మది. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పాత గ్రామ నక్షాలను డ్రోన్ ఫొటోల మీద కూర్చోబెట్టడం అప్పట్లో సూర్యాపేటలో నా పని. బట్ట మీద గీసిన నక్షా ముడుచుకుపోయి, ఎన్నికల ముందు ఇచ్చిన మాటలా అటూ ఇటూ సాగి ఉంటుంది. రెండింట్లోనూ కనిపించే హద్దురాళ్లను జత కలిపితే, కంప్యూటర్ లెక్క దాన్ని సరిచేస్తుంది. ఏ రాయి దగ్గర ఎంత తేడా మిగిలిందో కూడా చెబుతుంది. ఈ పనిలో నేను గట్టివాడినే. అదే వచ్చిన చిక్కు.

మునగాల దగ్గరి ఒక ఊరికి ఏడు రాళ్లు తీసుకున్నాను. ఆరు కుదిరాయి. యాదమ్మ పొలం మూలనున్న ఏడోది పదకొండు అడుగుల తేడా చూపించింది. వెళ్లి చూడాలి. కానీ ఎండాకాలం, ఆఫీసులో కూలర్ ఉంది. ఏడోదాన్ని లెక్కలోంచి తీసేశాను. తేడా దాదాపు సున్నా. మా సారు ఆ నక్షాను గోడకు అంటించాడు.

ఆ గీతల ప్రకారమే హద్దులు పడ్డాయి. యాదమ్మ బోరు పక్క పొలంలోకి పోయింది. ఆమె ఆఫీసుకొచ్చింది.

"సారూ, ఆ రాయి మా అత్త కాలం నుంచి గాడనే ఉన్నది."

"కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా," అన్నాను.

"గట్లనా? అది మా పొలం కాడికి ఎప్పుడొచ్చింది సారూ? జర చెప్తే చాయ్ పోసేదాన్ని గద!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జోకు బాగుంది మరి.

నెల తర్వాత కోదాడ పోతూ ఆ ఊళ్లో దిగాను. ఎందుకు? తప్పు నాది కాదని తేల్చుకోవడానికి. ఆ ఆరు రాళ్లూ హైవే పక్కనే, వరసగా ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకి, అన్నిటినీ ఒకే కొలతన లోపలికి పాతారట. కలిసి జరిగాయి గనక కలిసే అబద్ధం చెప్పాయి. కదలనిది ఆమె రాయొక్కటే.

అప్పుడే ఎందుకు చెప్పలేదు? చెబితే నక్షా గోడ మీంచి దిగుతుందని, మిర్యాలగూడలో నాకిస్తామన్న పెద్ద కుర్చీ పోతుందని, అన్నిటికంటే ముందు లెక్కల్లో నన్ను మించినోడు లేడన్న నా నమ్మకం పోతుందని భయపడ్డానేమో. కుర్చీ వచ్చింది. కొత్తవాళ్లకు ఈ పనే నేర్పుతున్నాను. యాదమ్మ తను వేయించుకున్న బోరు నీళ్లు పక్కవాళ్లను అడిగి పెట్టుకుంటోంది.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ చేతిలో లేదు. హద్దు దిద్దమని ఇవాళ అర్జీ రాశాను. దిద్దుతారో లేదో తెలియదు. కారణం అన్నచోట "సాంకేతిక లోపం" అని రాసి, కొట్టేశాను. "నేను వెళ్లి చూడలేదు" అని రాశాను. కింద సంతకం పెట్టాక కాసేపు ఊపిరి బాగా ఆడింది.