కనకాంబరానికి పోసిన నీళ్లు

నేను కాపురానికి వచ్చేనాటికి మా ప్రొద్దుటూరు ఇంట్లో మట్టి అనేది కంటికి కనబడేది కాదు. వాకిలి, వసారా, పెరడు, ఎక్కడ చూసినా నాపబండలే. జమ్మలమడుగు వైపు గనుల నుంచి లారీలో తెప్పించి, వేలు దూరే సందు లేకుండా పరిపించిన ఘనత మా మామది. చుట్టాలెవరొచ్చినా ఆ బండల నునుపు చూపించి మురిసిపోయేవాడు. నాకు మాత్రం ఆ పెరట్లోకి వెళ్తే ఊపిరాడేది కాదు.

పక్కింటివాళ్ల మూడంతస్తుల గోడ కింద, పెరటి మూలన ఒక బండ పగిలింది. మార్చడానికి మనిషిని పిలుస్తామన్నారు. వాడొచ్చేలోపే నేను ముక్కలన్నీ ఏరి అవతల పారేసి, కింద బయటపడ్డ మట్టిలో కనకాంబరం మొక్క నాటేశాను. పులివెందులలో మా అమ్మ పెరట్లోంచి పెరికి, తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న మొక్క అది. మా అత్త వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏందమ్మే ఇది? ఈడ పొద్దే పడదు. పూలు యాడ పూస్తాయి?"

"కనకాంబరానికి నీడ ఉంటేనే మేలత్తా."

"చూస్తా. ఇది చచ్చిందంటే ఆ పొద్దే బండ పరిపిస్తా."

అంటే మొక్క ఉంటేనే ఆ కాస్త మట్టి ఉంటుంది. అంత పెద్ద ఇంట్లో నాదని చెప్పుకోవడానికి నాకున్నది ఆ మూలే. పోనిచ్చేది లేదని అప్పుడే అనుకున్నాను.

కనకాంబరం మన నేల మొక్కే. గారాబాలు అడగదు. ఎండలో పూస్తే పువ్వు త్వరగా వెలిసిపోతుంది, నీడలో పూస్తే ఆ రంగు అలాగే నిలుస్తుంది. ఒకసారి వేరు పట్టిందంటే ఏళ్ల తరబడి ఉంటుంది. పూసి అయిపోయిన కంకిని తుంచితే పక్కనుంచి ఇంకో కొమ్మ వేస్తుంది. వాసన లేదని కొందరు చిన్నచూపు చూస్తారు. వాళ్ల ముక్కుల కోసం అది పుట్టలేదు. దానికి కావలసిందల్లా నీళ్లు. మా ఊరి వేసవిలో గోడ నీడన ఉన్నా, పూటకో చెంబు పోయకపోతే ఆకులు వేలాడేస్తుంది.

అక్కడే వచ్చింది తంటా. మా అత్తగారింట్లో నెలనెలా బయట చేరిన ఆడది వసారా చివర చాప మీద ఉండాలి. ఊరగాయ జాడీ తాకకూడదు, చెట్టు తాకకూడదు. నీడ పడినా చెట్టు వాడిపోతుందట. మా అమ్మ ఇంత పట్టింపు చూపేది కాదు గానీ, కొత్త కోడలిని, ఏం మాట్లాడతాను? ఆ ఎండాకాలం బయట చేరిన రోజులన్నీ చాప మీదే కూర్చున్నాను. మా ఆయన పొద్దున్నే బట్టల అంగడికి పోయేవాడు. అత్తకు మోకాళ్ల నొప్పులు. ఇంకెవరు పోస్తారు నీళ్లు? తలస్నానం చేసి వెళ్లి చూసేసరికి మొక్క మెడ వాల్చేసింది.

"చూసినావా? నీ అంటు తగిలింది దానికి," అంది అత్త.

నీళ్లు పోయనిచ్చిందీ లేదు, పోసిందీ లేదు. ఎండబెట్టి చంపబోయి, నేరం మాత్రం నా ఒంటి మీద వేసింది. ఆ రోజు కుండెడు నీళ్లు పోసి దాన్ని ఎలాగో నిలబెట్టుకున్నాను.

మరుసటి నెల బయట చేరిన రోజే, పక్కింటి ఆడవాళ్లు మా అత్తతో కూర్చుని చింతపండు గింజలు తీస్తుండగా, చెంబు నింపుకుని అందరి ముందునుంచి పెరట్లోకి నడిచాను.

"ఏం చేస్తాండావే? చెట్టు చస్తాది!"

"చస్తే బండ పరిపించత్తా. బతికితే మళ్లా ఆ మాట అనాకు."

బతకడమేమిటి, శ్రావణానికి చెట్టంతా పువ్వే. అత్త మాట అనడం మానలేదు. ఆ పూలు మైలవి, దేవుడికి పెట్టనని చెప్పేసింది. సరే, దేవుడి వాటా కూడా నేనే పెట్టుకుంటానన్నాను. జడ కనబడకుండా మూరలకు మూరలు మాల చుట్టుకుని బజారంతా తిరిగాను. మా ఆయన అంగడి ముందు నుంచి కావాలనే రెండోసారి కూడా పోయాను. పాపం, ఆయన తల దించుకుని గుడ్డ కొలుస్తూ కూర్చున్నాడు.

అలా ఏళ్లు గడిచాయి. మా అత్త గొణిగేది, నేను నీళ్లు పోసేదాన్ని. మొక్క గోడ పొడవునా గుబురుగా పాకింది. దానికోసం ఇంకో రెండు బండలు కూడా లేపేశాను. నా కూతురికి మాటలొచ్చినప్పటి నుంచి ఆ చెంబు దాని చేతికే ఇచ్చాను.

పోయిన వేసవిలో నా కూతురు పెద్దమనిషైంది. వీధి ఆడవాళ్లంతా వచ్చారు. నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి ముద్దలు పెట్టారు. మా అత్త వసారా చివర చాప వేసి, వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి, మనవరాలికి ముద్దుగానే చెప్పింది.

"బంగారూ, చెట్టు దిక్కు పోవాకు. నీ నీడ పడితే వాడిపోతాది."

అప్పటిదాకా నవ్వుతున్న పిల్ల తన కాళ్లు లోపలికి ముడుచుకుంది. నన్ను ఎన్నన్నా పడ్డాను గానీ, ఆ ముడుచుకోవడం నేను ఓర్చుకోలేకపోయాను. లేచి చెంబు నింపి తెచ్చి దాని చేతికిచ్చాను.

"పో. పోసి రా."

ఆడవాళ్లంతా నోళ్లు తెరిచి చూస్తున్నారు. అత్తకు ముఖం కందిపోయింది.

"ఏమ్మే, నీకు సిగ్గుందా?"

"నాకు లేదత్తా. దానికి నేర్పాకు."

పిల్ల మా అత్త వంక చూసింది, నా వంక చూసింది. అది చెంబు కింద పెట్టేస్తే నేను ఇన్నేళ్లు చేసిందంతా దండగే. పిల్ల లేచి, కొత్త పావడా కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని పెరట్లోకి నడిచింది. మొదళ్లన్నిటికీ నింపాదిగా పోసింది. చెంబు ఖాళీ అయ్యాక తిరిగి చాప మీదికి రాలేదు. కనకాంబరాల పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది.

"చాప మీదికి రామ్మా," అని పిలిచింది మా అత్త.

"ఈడ్నే కూచుంటా జేజీ," అంది నా కూతురు. "ఈడ చల్లగా ఉండాది."