నాకు లేని బీపీ

మొన్న కందుల ధర చెప్పడానికి ఫోన్ చేసిన మా మరిది, పెట్టేసే ముందు "అన్నట్టు వదినా, నీ బీపీ డాక్టరు పోయిండట. పొద్దుగాల గుండెపోటు" అన్నాడు. అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోయాను. తుడిచిన పొయ్యి గట్టే మళ్ళీ మళ్ళీ తుడిచాను.

మీకు చెప్పేస్తున్నాను. నాకు బీపీ లేదు. ఎన్నడూ లేదు. తాండూరులో ఆ సంగతి ఆ డాక్టరు గారికీ నాకూ మాత్రమే తెలుసు.

రెండేళ్ళ కిందట నీరసమని, సెలైన్ పెట్టించుకుందామని ఆయన దగ్గరికి వెళ్ళాను. మా వైపు ఏ నీరసానికైనా అదే మందు. ఆయన సీసా జోలికి పోలేదు. చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టారు. చెవుల్లోంచి గొట్టాలు తీసేసి, "అన్నం రుచి తెలుస్తున్నదా బిడ్డా? నిద్ర పడుతున్నదా?" అన్నారు. తర్వాత మెల్లగా, "సచ్చిపోవాలనిపిస్తున్నదా? జర నిజం చెప్పు."

అంతవరకు ఆ మాట నన్నెవరూ అడగలేదు. భోరున ఏడ్చాను.

"గిది డిప్రెషన్. జ్వరం లెక్క ఇదీ రోగమే, మందున్నది. నేను చూస్త. తగ్గకుంటే పెద్ద డాక్టరు దగ్గరికి పంపిస్త" అన్నారు. ఇంట్లో పిచ్చిదంటారని నేను వణికితే, "బీపీ అని చెప్పు. గురువారం గురువారం రా" అన్నారు.

అత్తమ్మ ఊరుకుంటుందా? వారం వారం ఆటో ఎందుకని ఇంటికే బీపీ మిషన్ తెప్పించింది. దాంతో చూస్తే నాకు బీపీ లేదని తేలిపోతుంది కదా. డాక్టరు గారికి తీసుకెళ్ళి చూపిస్తే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంటి మిషన్లు తప్పు చూపిస్తయి. వారం వారం తెచ్చి నా దాంతోని కలుపుకొని పో" అన్నారు. అప్పటి నుంచి దాన్ని సంచిలో మోసుకెళ్ళేదాన్ని.

ఒకసారి బాగానే ఉన్నానని మాత్రలు ఆపేసి మళ్ళీ మంచం పట్టాను. గట్టిగానే కసిరారు. "వాన వెలిసిందని ఇంటికప్పు పీకేస్తరా?" ఈ రోజు బతికి ఉన్నానంటే ఆ కసురు వల్లే.

నిన్న గురువారం. కాళ్ళు నిలవక, మిషన్ తీసుకొని వెళ్ళాను. దవాఖానకు తాళం. బయట బండల అరుగు మీద ఒకామె కూర్చుంది, ఒడిలో అలాంటి మిషనే.

"నీకూ బీపీనా అక్కా?" అంది.

నాలుగు మాత్రలే మిగిలాయి. ఇంకెన్నాళ్ళు దాచను? "లేదమ్మా. నాకు బీపీ లేదు. మనసు బాగలేదు."

ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. "నాగ్గూడ లేదు" అంది. ఒళ్ళోని మిషన్ తీసి అరుగు మీద పెట్టి, "వికారాబాద్ పెద్ద దవాఖానల దీనికి డాక్టరున్నడట. పోదమా?"

బస్సు కదిలాక గుర్తొచ్చింది, మిషన్లు రెండూ ఆ అరుగు మీదే ఉన్నాయి. ఇద్దరమూ దిగలేదు.